శక్తి లెక్కకు హద్దు గీసిన నోథర్

2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఓ వింత వాహనం దిగింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూడ్డానికి తరలివచ్చారు. అదేమిటో మొదట ఎవరికీ అంతుబట్టలేదు. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే సంస్థ చేసిన ప్రయోగమని, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరి వచ్చిందని తర్వాత తెలిసింది. ఆ కేంద్రం బెలూన్లు ఎగరేసే కాలంలో ఏటా ఒక హెచ్చరిక చేస్తుంది. పరికరాలు హైదరాబాద్‌కు 200 నుంచి 350 కిలోమీటర్ల దూరం దాకా ఎక్కడైనా దిగవచ్చు, కనిపిస్తే ముట్టుకోకుండా కబురు చేయండి అని. ఉత్తరాన మర్పల్లి నుంచి దక్షిణాన దౌల్తాబాద్ దాకా, పడమట తాండూరు దాకా ఈ జిల్లా అంతా ఆ పరిధిలోనిదే.

ఆ బెలూన్ల తయారీ చూడముచ్చటగా ఉంటుంది. పలుచటి పాలిథిన్ పొర, లోపల హైడ్రోజన్, కింద పరికరాలు, వాటిని దించడానికి రంగురంగుల పారాషూట్. నేల మీద నుంచి వదిలేటప్పుడు పై కొసన కాస్త భాగమే ఉబ్బి ఉంటుంది, మిగతాదంతా ముడుచుకుని వేలాడుతుంది. పైకి పోయేకొద్దీ బయటి గాలి పీడనం తగ్గుతుంది, లోపలి వాయువు వ్యాకోచిస్తుంది. 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి వాయువు ఘనపరిమాణం ఎన్నో రెట్లు పెరిగి, బెలూన్ అడ్డుకొలత 50 నుంచి 85 మీటర్ల దాకా అవుతుంది. ముందే నిండా నింపితే దారిలోనే పగిలిపోతుందని తెలిసి, వ్యాకోచానికి చోటు విడిచి చేసిన పని అది.

వ్యాకోచించే వాయువు తన వేడిలో కొంత పోగొట్టుకుంటుంది. ఆ శక్తి ఎక్కడికి పోయిందంటే జవాబు సిద్ధంగా ఉంది. వాయువు చుట్టూ ఉన్న గాలిని నెట్టింది, నెట్టడమంటే పని చేయడం, ఆ పనికి ఖర్చయిన శక్తి బయటి గాలికి చేరింది. బయటి నుంచి, ఎండ నుంచి కొంత వేడి తిరిగి లోపలికి వస్తుంది, దాన్నీ లెక్కలో వేసుకోవచ్చు. ఒకరి ఖర్చు ఇంకొకరి జమ. తొమ్మిదో తరగతి ‘పని-శక్తి’ పాఠంలో పిల్లలు నేర్చుకునే శక్తి నిత్యత్వ నియమం అంటే ఇదే: శక్తి రూపం మార్చుకుంటుంది, చేతులు మారుతుంది, మొత్తం మాత్రం మారదు.

ఇప్పుడు బెలూన్ కన్నా పెద్ద వ్యాకోచాన్ని చూద్దాం. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు, దాని ఉష్ణోగ్రత దాదాపు 3,000 కెల్విన్ ఉన్నప్పుడు, అందులోని వెలుగు పదార్థం నుంచి విడివడి స్వేచ్ఛగా ప్రయాణం మొదలుపెట్టింది. ఆ వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ మనకు చేరుతూనే ఉంది. అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నట్లు 1965లో ప్రకటించారు. ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్ మాత్రమే. ఆనాటి నుంచి విశ్వంలో దూరాలు సుమారు 1,100 రెట్లు పెరిగాయి. అప్పుడు ఒక్కో పక్క ఒక సెంటీమీటరు ఉన్న పెట్టె విశ్వంతోపాటు సాగి ఉంటే ఇవాళ ఒక్కో పక్క 11 మీటర్లు. అందులో అప్పుడూ ఇప్పుడూ సుమారు 55 వేల కోట్ల ఫోటాన్లే. కొన్ని బయటికి పోతే అన్నే లోపలికి వస్తాయి కాబట్టి సంఖ్య మారదు. కానీ ప్రతి ఫోటాన్ తరంగదైర్ఘ్యం 1,100 రెట్లు సాగింది, శక్తి అన్ని రెట్లు తగ్గింది. పెట్టెలోని వెలుగు మొత్తం శక్తిలో ఈనాడు మిగిలింది 1,100 వంతుల్లో ఒక వంతు.

మిగతాది ఎవరికి చేరింది? బెలూన్‌కు బయట గాలి ఉంది. విశ్వానికి బయట నెట్టించుకోవడానికి ఏమీ లేదు. పక్క పెట్టెలోని వెలుగుకు ఇచ్చిందందామా అంటే, ఆ పెట్టెలోనూ ఇదే నష్టం. ఖర్చు ఉంది, జమ లేదు.

ఈ చిక్కుముడి విప్పే పనిముట్టు విశ్వం వ్యాకోచిస్తోందని ఎవరికీ తెలియక ముందే తయారైంది. విస్తరించే విశ్వం సాధ్యమేనని ఫ్రీడ్‌మన్ లెక్కగట్టి చెప్పింది 1922లో. లెమైత్ర్ 1927లో దాన్ని గెలాక్సీల కదలికతో ముడిపెట్టాడు. హబుల్ పరిశీలనలు వెలువడింది 1929లో. జర్మనీలోని గోటింగెన్‌లో ఎమ్మీ నోథర్ అనే గణితజ్ఞురాలు రాసిన వ్యాసం మాత్రం 1918 నాటిది. పేరు ‘ఇన్వారియాంటె వారియాత్సియోన్స్‌ప్రోబ్లేమె’, నిడివి 23 పేజీలు. భౌతికశాస్త్రంలో అంత తక్కువ చోటులో అంత పని చేసిన రచనలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దాని పనితనాన్ని దగ్గరగా చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు సందర్భం. ఐన్‌స్టీన్ 1915 నవంబరులో సాధారణ సాపేక్ష సిద్ధాంతం సమీకరణాలను పూర్తిచేశాడు. గోటింగెన్‌లో గణితజ్ఞుడు డేవిడ్ హిల్బర్ట్ అదే పని మీద ఉన్నాడు. ఇద్దరినీ ఒక సందేహం వదల్లేదు: ఈ కొత్త సిద్ధాంతంలో శక్తి నిత్యత్వం ఎక్కడుంది? పాత సిద్ధాంతాల్లో అది సూటిగా బయటపడేది. ఇక్కడ బయటపడ్డది ఏదో తేడాగా ఉంది, సమీకరణాలు రాసిన మరుక్షణమే తనంత తాను నిజమైపోయే మాటలా ఉంది. ఈ విషయంపై హిల్బర్ట్‌కూ అక్కడి మరో గణితజ్ఞుడు ఫెలిక్స్ క్లైన్‌కూ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఇన్వేరియంట్లపై, అంటే మార్పుల మధ్య మారని రాశులపై, గట్టి పట్టున్న మనిషి కావాలని వాళ్లిద్దరూ 1915లోనే నోథర్‌ను గోటింగెన్‌కు పిలిచారు.

పిలిచారు గానీ ఉద్యోగం ఇవ్వలేకపోయారు. స్త్రీ అన్న కారణంతో విశ్వవిద్యాలయం ఆమెకు బోధించే అర్హతే ఇవ్వలేదు. ఆమె తరగతులు హిల్బర్ట్ పేరు మీద ప్రకటితమయ్యేవి, పాఠం చెప్పేది ఆమె. ఆ అర్హత 1919లో గాని దక్కలేదు. 1918 జులై 26న ఈ వ్యాసాన్ని గోటింగెన్ శాస్త్ర సంఘం ముందు పెట్టింది కూడా క్లైనే, ఎందుకంటే ఆమెకు సభ్యత్వం లేదు. వ్యాసాన్ని ఆమె క్లైన్‌కే, ఆయన డాక్టరేట్ పొంది యాభై ఏళ్లయిన సందర్భంగా, అంకితమిచ్చింది. తనకు కుర్చీ ఇవ్వని చోట కూర్చుని, అక్కడి మహామహులకు తెగని ప్రశ్నను తెగ్గొట్టింది.

ఇక పనితనం. ప్రకృతి నియమాలను రాసే పద్ధతుల్లో ‘యాక్షన్’ పద్ధతి ఒకటి. ఒక వస్తువు ఇక్కడి నుంచి అక్కడికి పోవడానికి ఎన్నో దారులు ఊహించవచ్చు. ప్రతి దారికీ గతిశక్తిలోంచి స్థితిశక్తిని తీసేసి, ఆ తేడాను ప్రయాణకాలం పొడుగునా కూడితే ఒక సంఖ్య వస్తుంది. అదే యాక్షన్. దారిని ఇసుమంత అటూ ఇటూ జరిపినా ఏ దారికి ఆ సంఖ్య మారదో, ప్రకృతి ఆ దారినే పడుతుంది. ఇంతవరకూ నోథర్‌కు ముందే తెలుసు. ఆమె అడిగింది వేరే ప్రశ్న. దారిని కాక నియమాన్నే జరిపి చూస్తే? అంటే ఈ పనినే ఇవాళ కాక రేపు చేస్తే, ఇక్కడ కాక పక్కూళ్లో చేస్తే, తూర్పు ముఖంగా కాక ఉత్తర ముఖంగా చేస్తే యాక్షన్ మారుతుందా? మారకపోతే దానికి ఫలితం ఉండాలా?

ఉండి తీరాలని ఆమె మొదటి సిద్ధాంతం. జరిపినా మారకపోవడమనే అలాంటి ప్రతి సౌష్ఠవానికీ కాలంతో మారని రాశి ఒకటి తప్పకుండా ఉంటుంది. పని ఎక్కడ చేసినా నియమం ఒకటే అయితే ద్రవ్యవేగం మారదు. ఏ దిక్కుకు తిరిగి చేసినా ఒకటే అయితే కోణీయ ద్రవ్యవేగం మారదు. ఎప్పుడు చేసినా ఒకటే అయితే శక్తి మారదు. అప్పటిదాకా ఈ మూడూ మూడు వేర్వేరు నియమాలుగా, ప్రయోగాల్లో నిగ్గుతేలిన నిజాలుగా నిలిచినవి. వాటిలో కొన్నింటికి విడివిడిగా ఇలాంటి సంబంధం ఉందని ముందువాళ్లకు తెలుసు. నోథర్ అన్నింటికీ ఒకే నిరూపణ ఇచ్చింది. బలం గురుత్వమా, విద్యుత్తా, ఇంకా ఎవరూ కనిపెట్టనిదా అన్న పట్టింపే ఆ నిరూపణకు లేదు.

శక్తి విషయంలో నిరూపణ చివర మిగిలేది ఒక్క వాక్యం: శక్తి మారే రేటు, నియమంలో గడియారం ఎంత కలిసి ఉందో అంతే. నియమంలో కాలం ఊసే లేకపోతే ఆ రేటు సున్నా, శక్తి నిత్యం. కాలం ఊసుంటే రేటు సున్నా కాదు, ఎంతో కూడా ఆ వాక్యమే చెబుతుంది.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. మిద్దె మీది ట్యాంకులోకి 1,000 లీటర్ల నీళ్లు 10 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే సుమారు 98,000 జౌళ్ల శక్తి కావాలి. ఆ నీళ్లు కిందికి వదిలి చక్రం తిప్పితే, రాపిడి నష్టాలు లేవనుకుంటే, అంతే శక్తి తిరిగొస్తుంది. భూమి ఆకర్షణ రాత్రిపూట ఒక శాతం తగ్గి పగలు మామూలవుతుందని ఊహించండి. రాత్రి మోటారు వేసి 97,020 జౌళ్లతో నీళ్లెక్కించి, పగలు వదిలితే రోజుకు 980 జౌళ్లు ఉత్త పుణ్యానికి మిగులుతాయి. ఎక్కణ్నుంచి వచ్చాయన్న ప్రశ్నకు అర్థం లేదు. నియమమే పూటకో రకంగా ఉంటే శక్తి లెక్క తేలాల్సిన పని లేదు. లెక్క తేలుతోందంటే భూమి ఆకర్షణ రాత్రీ పగలూ ఒకేలా ఉందన్నమాట. నోథర్ ఈ సంబంధాన్ని రెండు వైపుల నుంచీ నిరూపించింది, సౌష్ఠవం నుంచి నిత్యత్వానికీ, నిత్యత్వం నుంచి సౌష్ఠవానికీ. ఒక వైపుతో సరిపెట్టుకుని ఉంటే అది మంచి సూత్రంగా మిగిలేది. రెండో వైపు కూడా కట్టడంతో రెండూ ఒకే విషయానికి రెండు ముఖాలని తేలిపోయింది.

ఆమె పని అక్కడితో ఆగలేదు. సౌష్ఠవాలు రెండు జాతులని చూసింది. గడియారాన్ని అంతటా ఒకేలా ఓ గంట ముందుకు జరపడం ఒక జాతి. ఇక్కడ ఒక గంట, అక్కడ రెండు గంటలు, ఇంకో చోట పావుగంట అంటూ చోటుచోటుకూ ఇష్టమొచ్చినట్లు జరపగలగడం రెండో జాతి. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికున్నది ఈ రెండో జాతి స్వేచ్ఛ. అలాంటప్పుడు దొరికేది నిజమైన నిత్య రాశి కాదనీ, సమీకరణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని చెప్పే బంధాలేననీ ఆమె రెండో సిద్ధాంతం. మామూలు అర్థంలో శక్తి నిత్యత్వం లేకపోవడం సాపేక్ష సిద్ధాంతం స్వభావంలోనే ఉందని హిల్బర్ట్ అంతకుముందు అని ఉన్నాడు. ఆ మాటకు నిరూపణ ఇవ్వడంతోనే ఆమె వ్యాసం ముగుస్తుంది. అందరూ లోపమేమో అని కంగారు పడిన దాన్ని, ఆ సిద్ధాంతం కట్టుబడికి గుర్తుగా ఆమె చూపించింది.

ఈ పనిముట్టు పట్టుకుని మళ్లీ వెలుగు పెట్టె దగ్గరికి వద్దాం. విస్తరించే విశ్వంలో రెండు గెలాక్సీల మధ్య దూరం కాలంతో పెరుగుతుంది. వెలుగు ప్రయాణించే రంగస్థలమే నిన్న ఉన్నట్టు ఇవాళ లేదు, అంటే నియమంలో గడియారం కలిసే ఉంది. మొదటి సిద్ధాంతం వేసిన షరతు ఇక్కడ తీరలేదు కాబట్టి ఫోటాన్ శక్తి నిలబడాల్సిన అవసరమూ లేదు. అది ఎవరి చేతికీ పోలేదు. నిలబెట్టే కారణం లేక తగ్గింది.

ఇందులో నన్ను ముగ్ధుణ్ని చేసే మలుపు ఇంకొకటి ఉంది. కాలంలో సౌష్ఠవం పోయినా స్థలంలో సౌష్ఠవం పోలేదు. విశ్వాన్ని పెద్ద కొలతల్లో చూస్తే ఏ క్షణంలోనైనా అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. కాబట్టి అదే మొదటి సిద్ధాంతం ప్రకారం నిత్యంగా ఉండే రాశి ఒకటి దొరకాలి. దొరుకుతుంది: ఫోటాన్ ద్రవ్యవేగాన్ని విశ్వం సాగిన కొలతతో గుణిస్తే వచ్చే లబ్ధం. ఆ లబ్ధం మారకూడదు కాబట్టి విశ్వం రెండింతలు సాగితే ద్రవ్యవేగం సగమవాలి. ఫోటాన్‌కు శక్తి ద్రవ్యవేగానికి తగినట్టే ఉంటుంది కాబట్టి శక్తీ సగమవాలి. సరిగ్గా ఇదే ఖగోళ శాస్త్రజ్ఞులు కొలిచే రెడ్ షిఫ్ట్. శక్తి నిలవదని చెప్పిన సిద్ధాంతమే, ఎంత తగ్గాలో అణా పైసలతో సహా చెబుతోంది. నష్టం కూడా నియమం ప్రకారమే జరుగుతోంది.

వెలుగుకు జరిగింది అన్నింటికీ జరగదు. నిశ్చలంగా ఉన్న పదార్థానికి పీడనం దాదాపు లేదు. సాగే పెట్టెలో దాని సాంద్రత పలచబడుతుంది, మొత్తం మాత్రం మారదు. డార్క్ ఎనర్జీది ఇంకో దారి. విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాల పరిశీలనలు చూపాయి, 2011లో ఆ పనికి నోబెల్ బహుమతి వచ్చింది. అందుకు కారణమనుకుంటున్న డార్క్ ఎనర్జీ నిజంగా స్థిరాంకమే అయితే, ఘనమీటరుకు దాని మోతాదు ఎప్పుడూ ఒకటే, జౌలులో వంద కోట్లో వంతులో సగానికి కాస్త ఎక్కువ. విశ్వం సాగి కొత్త ఘనమీటర్లు చేరినప్పుడల్లా మొత్తం పెరుగుతుంది. మూడు ఖాతాలు, మూడు తీర్లు: పదార్థానిది నిలకడ, వెలుగుది తరుగు, డార్క్ ఎనర్జీది పెరుగుదల. తరుగూ పెరుగూ ఒకదానికొకటి చెల్లు కావు.

ఇంతకీ తొమ్మిదో తరగతి పాఠం తప్పా? కానే కాదు. నోథర్ రెండో సిద్ధాంతం చెప్పిన బంధాలున్నాయే, అవి ప్రతి చిన్న చోటులో, ప్రతి చిన్న వ్యవధిలో శక్తి లెక్క తేలేలా చూస్తాయి. అక్కడ బెలూన్‌కు వాడే సమీకరణమే విశ్వానికీ వర్తిస్తుంది: పెరిగిన ఘనపరిమాణాన్ని పీడనంతో గుణిస్తే ఎంతో, తగ్గే శక్తి అంత. తేడా ఒక్కటే. బెలూన్ దగ్గర ఆ పీడనం పొరను దాటి బయటి గాలిని నెడుతోంది. విశ్వంలో పీడనం అన్ని చోట్లా సమానం, నెట్టేవాడూ లేడు, నెట్టించుకునేవాడూ లేడు. చిన్న చోట్ల తేలిన లెక్కలన్నీ కూడి విశ్వం మొత్తానికి ఒక్క అంకె వేయబోతేనే, ఆ కూడికకు అర్థం లేకుండా పోతుంది.

దీన్ని ఒప్పుకోని వాదమూ ఉంది, దాన్ని గౌరవంగానే వినాలి. వెలుగు పోగొట్టుకున్నది గురుత్వ క్షేత్రం ఖాతాలోకి పోయిందని, దాన్ని కూడా కలిపితే మొత్తం సరిపోతుందని కొందరు శాస్త్రజ్ఞులు అంటారు. ఐన్‌స్టీన్ కూడా గురుత్వానికి అలాంటి శక్తి రాశి ఒకటి రాసి సమర్థించుకున్నాడు. చిక్కేమిటంటే ఆ రాశి ఎక్కడుందో చూపించలేం. స్వేచ్ఛగా కిందికి పడుతున్న మనిషికి తనున్న చోట గురుత్వమే తెలియదు. అలాంటి చూపుతో ఏ బిందువు దగ్గరైనా ఆ శక్తిని సున్నా చేసేయవచ్చు. ఒకరి లెక్కలో ఉండి ఇంకొకరి లెక్కలో మాయమయ్యేదాన్ని జమ కింద రాస్తే లెక్క కుదిరినట్టు కనిపిస్తుంది, మనకు కొత్తగా తెలిసేది మాత్రం ఏమీ ఉండదు. అందుకే నాకు నోథర్ జవాబే సూటిగా తోస్తుంది.

పైగా షరతు తీరిన చోట ఆమె సిద్ధాంతం ఎంత గట్టిగా నిలబడుతుందో చూడండి. చుట్టూ ఖాళీ ఉండి, దూరానికి పోయేకొద్దీ స్థలకాలం చదునై మార్పు లేకుండా ఉంటే, మొత్తం శక్తిని ఐన్‌స్టీన్ సిద్ధాంతంలోనూ నిక్కచ్చిగా లెక్కకట్టవచ్చు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు రెండు కృష్ణబిలాలు కలిసిపోయిన గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి. మూడు సూర్యుళ్లంత ద్రవ్యరాశికి సమానమైన శక్తి తరంగాలుగా వెళ్లిపోయిందని ఆ లెక్కతోనే చెప్పగలిగారు. కలవక ముందున్న ద్రవ్యరాశిలో తగ్గిందీ అంతే. అక్కడ ఖర్చుకు జమ దొరికింది, ఎందుకంటే అక్కడ షరతు తీరింది.

నోథర్ ఈ వ్యాసం తర్వాత ఎక్కువగా బీజగణితం వైపు మళ్లింది, ఆధునిక బీజగణితానికి రూపురేఖలు దిద్దినవాళ్లలో ముందు వరుసన నిలిచింది. 1933లో నాజీలు యూదురాలన్న కారణంతో ఆమెను గోటింగెన్ నుంచి తొలగించారు. అమెరికా వెళ్లి బ్రిన్ మార్ కళాశాలలో చేరి, 1935 ఏప్రిల్ 14న 53 ఏళ్ల వయసులో కన్నుమూసింది. కణ భౌతికశాస్త్రంలో ఇవాళ కొత్త సిద్ధాంతం రాయాలంటే ముందు సౌష్ఠవాలు ఏవో తేల్చుకోవాలి. ఆ అలవాటుకు పునాది ఆ 23 పేజీలే.

వాటిలో నేను అన్నిటికన్నా మెచ్చేది వాటి నిజాయితీ. ఒక సూత్రం గొప్పదనాన్ని అది ఎన్ని చోట్ల పనిచేస్తుందో చూసి కొలవడం మామూలు. నోథర్ సూత్రం ఎక్కడ పనిచేయదో, ఎందుకు పనిచేయదో, పనిచేయనప్పుడు ఏం జరుగుతుందో తానే చెబుతుంది. హద్దు రాయి పాతిన పొలం మీదే హక్కు గట్టిగా ఉంటుంది. శక్తి నిత్యత్వానికి ఆ హద్దు రాయి పాతింది ఆమె.

మన బడుల్లో శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అని పిల్లల చేత వల్లెవేయిస్తున్నాం. దౌల్తాబాద్‌లోనైనా ఢిల్లీలోనైనా అదే వాక్యం. దానికి ఇంకొక్క వాక్యం చేర్చమని ఉపాధ్యాయులను కోరుతున్నాను: ప్రకృతి నియమాలు ఇవాళా రేపూ ఒకేలా ఉండటం వల్ల ఇది నిజమవుతోంది. కారణం తెలిసిన పిల్లకు నియమం కంఠస్థం చేయాల్సిన మాటగా మిగలదు. ఎప్పుడో ఒక రోజు విశ్వం విస్తరిస్తోందని విన్నప్పుడు, మరి అక్కడ శక్తి సంగతేమిటని ఆ పిల్లే అడుగుతుంది. ఆ ప్రశ్న అడగగలిగిన పిల్లకు నోథర్ వ్యాసం చదవడానికి కావలసిన మొదటి అర్హత వచ్చేసినట్లే.